పాత బేస్‌బాల్ కార్డు: ధర ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయిన పాత బేస్‌బాల్ కార్డుల మీద ఏ వార్త వచ్చినా, టాప్స్ కంపెనీ 1952లో వేసిన మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికిందన్న దగ్గరే ఆగిపోతోంది. నిజానికి అది మాంటిల్ తొలి కార్డు కాదు. తొలిది బోమన్ అనే మరో కంపెనీ 1951 సెట్‌లోని 253వ నంబరు.

అదే 1952 టాప్స్ సెట్‌లో 1వ నంబరు ఆండీ పాఫ్కోది. దాని గురించి ఎవరూ రాయరు! 1951లో బాబీ థామ్సన్ కొట్టిన హోమ్ రన్ (మైదానం గోడ దాటిపోయే బంతి) తల మీదుగా పోతుంటే ఎడమ వైపు గోడ దగ్గర నిలబడిపోయిన డాడ్జర్స్ జట్టు ఆటగాడు ఈయనే. పిల్లలు కార్డుల్ని నంబరు వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు. ఒత్తిడంతా పైనున్న పాఫ్కో మీదే పడి అంచులు నొక్కుకుపోయేవి. అందుకే నలగని పాఫ్కో కార్డు దొరకడం అంత కష్టం.

కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డు 2⅝ × 3¾ అంగుళాలు, 1957 నుంచి 2½ × 3½. స్పష్టంగా తగ్గితే, అరిగిన మూలల్ని దాచడానికి అంచు కత్తిరించారేమోనని అనుమానించాలి. పది రెట్ల భూతద్దంలో బొమ్మ చుక్కలుగా కనిపించడం మామూలే. నల్లని అక్షరాలు మాత్రం నిండుగా ఉండాలి. అక్షరాల్లోనూ చుక్కలుంటే చాలావరకు అది స్కాన్ చేసి అచ్చేసిన నకలే.

పీవీసీ కవర్లు వద్దు. వాటిలోని మెత్తబరిచే రసాయనం బయటికి వచ్చి కార్డుకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు