లిల్లీ పూల సారం ఎందుకు ఆలస్యమైంది: మా రికవరీ పంపు, కూలింగ్ కాయిల్ గురించి కస్టమర్లకు వివరణ

బెంగళూరు పీణ్యాలోని మా యూనిట్ నుంచి లిల్లీ, మల్లె, వట్టివేర్ల సారాలు కొంటున్న అత్తరు వ్యాపారులకు, అగరుబత్తి తయారీదారులకు, ఇంటి దగ్గర సబ్బులు చేసి అమ్ముకునే అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఈ ఏడాది మార్చి నుంచి మే నెలాఖరు వరకు మీకు పంపవలసిన సరుకులో సగం కూడా మేము సమయానికి పంపలేకపోయాము. పంపిన దానిలో లిల్లీ సారం మూడు బ్యాచ్‌లు మేము మాట ఇచ్చిన నాణ్యతలో లేవు. ఫోన్ చేసి అడిగిన వారందరికీ మెషిన్ రిపేరులో ఉందని మాత్రమే చెప్పాము. మా డబ్బు కంటే ముందు మీ డబ్బు, మీ కస్టమర్ల నమ్మకం ఇందులో ఇరుక్కున్నాయి గనుక, అసలు ఏం జరిగిందో, పొరపాటు ఎక్కడ చేశామో, ఇప్పుడు ఏం మార్చామో వివరంగా చెప్పడం మా బాధ్యత.

మన ఊళ్లలో లిల్లీ అని, ఇక్కడి కన్నడిగులు సుగంధరాజ అని పిలిచే పువ్వును ఆవిరి పట్టి నూనె తీస్తే వేడికి దాని పరిమళం పాడైపోతుంది. అందుకే దాని వాసనను ద్రావకంలోకి దించి, ఆ తరువాత ద్రావకాన్ని తీసివేయాలి. మేము వాడేది వాసన కలపని శుద్ధమైన బ్యూటేన్. వంటగ్యాస్ సిలిండర్‌లోని గ్యాస్ ఇందుకు పనికిరాదు. అది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం కావడమే గాక, లీకు తెలియడం కోసం అందులో కలిపే మెర్కాప్టన్ దుర్వాసన పూల సారంలోకి దిగుతుంది. టన్ను లిల్లీ పూల నుంచి వచ్చే ముద్ద, అంటే మా వ్యాపారంలో కాంక్రీట్ అని పిలిచే మైనం లాంటి పదార్థం, సుమారు ఒక కిలో మాత్రమే. అంత పువ్వును కడిగిన ద్రావకాన్ని గాలిలోకి వదిలేయడం ప్రమాదమూ, నష్టమూ కూడా. కాబట్టి మూసి ఉన్న వలయంలోనే దాన్ని ఆవిరిగా మార్చి, పంపుతో లాగి, కాయిల్‌లో చల్లబరిచి, మళ్లీ ద్రవంగా ట్యాంకులోకి చేరుస్తాము. పూలు నింపిన స్తంభం, కింద గోరువెచ్చని నీటి జాకెట్ ఉన్న పాత్ర, రికవరీ పంపు, కూలింగ్ కాయిల్, ట్యాంకు, ఇదీ ఆ వలయం.

మార్చిలో ఎండలు ముదిరినప్పటి నుంచి ద్రావకం తిరిగి రావడం నెమ్మదించింది. మునుపు గంటకు దాదాపు 12 కిలోల బ్యూటేన్ ట్యాంకుకు చేరేది, అది ఏడుకు పడిపోయింది. పంపు పాతబడిందని నేను నిర్ణయించుకున్నాను. అది గాలి ఒత్తిడితో నడిచే చిన్న పంపు, నాలుగేళ్లుగా పనిచేస్తోంది, అనుమానం దాని మీదికే పోయింది. ఎవరినీ అడగకుండా, ఒక్క లెక్క కూడా వేయకుండా, దానికి రెట్టింపు శక్తి ఉన్న పంపును ఫ్లేమ్‌ప్రూఫ్ (నిప్పురవ్వను లోపలే బంధించే) మోటారుతో సహా అప్పు చేసి తెప్పించాను. బిగించిన మొదటి రోజే బయటికి నెట్టే వైపు ఒత్తిడి కొలిచే గేజు 5 బార్ దాటి, హై ప్రెషర్ స్విచ్ పంపును ఆపేసింది. చల్లారాక మళ్లీ నడిపితే పావుగంటలో మళ్లీ ఆగింది.

పంపు చేసేది ఆవిరిని నెట్టడం వరకే. ఆ ఆవిరిని ద్రవంగా మార్చవలసింది కాయిల్. కాయిల్ ఎంత వేడిని లాగగలదో అంత ఆవిరే ద్రవమవుతుంది, మిగిలింది పేరుకుని ఒత్తిడిని పెంచుతుంది. ఒక కిలో బ్యూటేన్ ఆవిరి ద్రవం కావడానికి సుమారు 360 కిలోజౌళ్ల వేడిని వదులుకోవాలి. గంటకు 12 కిలోలంటే 1.2 కిలోవాట్లు, పంపులో నలిగి వేడెక్కిన ఆవిరిని ముందుగా చల్లార్చడానికి అయ్యేది కలిపితే ఒకటిన్నర కిలోవాట్లకు దగ్గర. పెద్ద పంపుతో గంటకు 25 కిలోలు నెట్టాలంటే మూడు కిలోవాట్ల వేడిని కాయిల్ మోయాలి. మా పాత కాయిల్ అర అంగుళం స్టీలు గొట్టం, ఆరు మీటర్ల పొడవు, ఒక డ్రమ్ములో చుట్టి ఉండేది. ఆ డ్రమ్ములో కూలింగ్ టవర్ నుంచి వచ్చే బోరు నీళ్లు తిరిగేవి. చిన్న పంపుకే అది అంతంతమాత్రంగా సరిపోయేది.

కాయిల్‌నే అనుమానించాలని నాకు చెప్పింది ట్యాంకు మీది గేజు. వలయంలోకి గాలి చేరినా ఒత్తిడి ఇలాగే పెరుగుతుంది, గాలి చల్లబడి ద్రవం కాదు కదా. దాన్ని తేల్చుకోవడానికి రాత్రంతా అన్నీ ఆపి, తెల్లవారి ట్యాంకు ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు గేజు చూశాను. ఆ వేడిలో శుద్ధమైన బ్యూటేన్ ఒత్తిడి 2.43 బార్. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది గనుక ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 0.9 బార్ మాత్రమే. గేజు చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందో మాత్రమే, కాబట్టి అది తీసేస్తే గేజు ఒకటిన్నర బార్ చూపాలి, అంతే చూపింది. ఇదే ట్యాంకు చెన్నైలో ఉంటే గేజు 1.4 దగ్గర నిలిచేది. పట్టికలోని అంకెను గేజుతో నేరుగా పోల్చేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. మొత్తానికి లోపల గాలి లేదని తేలింది. డ్రమ్ము విప్పి చూస్తే కాయిల్ మీద తెల్లని సున్నపు పొర రెండు మిల్లీమీటర్ల మందాన కట్టి ఉంది, నీళ్లు లోపలికి వచ్చే గొట్టం సగానికి పైగా మూసుకుపోయింది. బోరు నీటి సున్నం ఇంట్లో గీజరును ఏం చేస్తుందో తెలిసి కూడా, నాలుగేళ్లలో ఒక్కసారీ ఆ డ్రమ్ము తెరవకపోవడం నా తప్పు.

ఇక ఆ మూడు బ్యాచ్‌ల సంగతి. ఆర్డర్లు పేరుకుపోతుంటే, ఆవిరి త్వరగా లేస్తుందన్న ఆశతో కింది పాత్ర జాకెట్ నీటిని 32 డిగ్రీల నుంచి 45కు పెంచాము. ఆ నిర్ణయం నాదే, మా కుర్రాళ్లది కాదు. కాయిల్ మూసుకుపోయి ఉండగా కింద వేడి పెంచితే ఒత్తిడి పెరగడం తప్ప ద్రావకం తొందరగా రాదు. వేడికి మాత్రం లిల్లీలోని తేలికైన పైవాసన తగ్గి, ముద్ద రంగు ముదిరింది. పైగా ఆ మూడింటిని, మిగిలిన ద్రావకాన్ని లాగేసే వాక్యూమ్ ఓవెన్‌లో ఉంచవలసినంత సేపు ఉంచకుండానే సీసాలకు నింపాము. ఇప్పుడు నిల్వ నమూనాలను పరీక్ష చేయిస్తే మిగులు బ్యూటేన్ మేము లేబుల్ మీద ముద్రించిన పరిమితికి మించి ఉంది. సీసా మూత తీయగానే బుడగలు వచ్చాయని చిక్కపేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసినప్పుడే మేము మేలుకోవలసింది. అప్పుడు ఆయనకు ప్రయాణంలో కుదుపు వల్ల అయి ఉంటుందని చెప్పాము. ఆయనకు విడిగా క్షమాపణ చెప్పుకున్నాను, ఇక్కడ మీ అందరి ఎదుట మరొకసారి చెప్పుకుంటున్నాను.

కొత్త ఏర్పాటులో పన్నెండేసి మీటర్ల కాయిల్‌లు రెండింటిని పక్కపక్కనే సమాంతరంగా పెట్టాము. ఒకే గొట్టాన్ని 24 మీటర్లు చుట్టి ఉంటే అంత పొడవునా ఆవిరిని నెట్టడానికే పంపు ఒత్తిడి ఖర్చయ్యేది. ఆవిరి పైనుంచి ప్రవేశించి కిందికి దిగుతుంది. మధ్యలో ఎక్కడా గొట్టం కుంగి ద్రవం నిలవకుండా, మొదటి చుట్టు నుంచి ట్యాంకు మూతి దాకా వాలు తెగకుండా చూశాము. రాగి గొట్టం ఎందుకు వాడలేదని కొందరు అడిగారు. రాగి వేడిని స్టీలు కంటే ఎన్నో రెట్లు బాగా మోస్తుందన్నది నిజమే గాని, ఒక మిల్లీమీటరు గోడలో ఆ తేడా చాలా స్వల్పం. వేడికి అసలు అడ్డు గొట్టం చుట్టూ కదలకుండా నిలిచే నీటి పొర. అందుకే ఆ డబ్బును గ్లైకాల్‌ను, అంటే నీరు గడ్డకట్టకుండా అందులో కలిపే ద్రవాన్ని, ఎడతెగకుండా తిప్పే సర్క్యులేషన్ పంపు మీద పెట్టాము. బోరు నీటిని పూర్తిగా మానేశాము. ఆర్వో నీటిలో గ్లైకాల్ కలిపి, నీటిని చల్లబరిచే రెండు టన్నుల చిల్లర్ యంత్రంతో 5 డిగ్రీల దగ్గర తిప్పుతున్నాము. రెండు టన్నులంటే సుమారు ఏడు కిలోవాట్లు, అవసరానికి రెట్టింపు పైనే. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో చిల్లర్ సామర్థ్యం తగ్గుతుంది గనుక ఆ మిగులు కావాలి.

చిల్లర్ అమ్మినవారు సున్నాకు ఇంకా దిగువకు తిప్పుకోమని చెప్పారు, నేను ఒప్పుకోలేదు. బ్యూటేన్ ఒత్తిడి సున్నా డిగ్రీల వద్దే మన ఊరి గాలి ఒత్తిడికి కొద్దిగా మాత్రమే ఎక్కువ. ఇంకో మూడు నాలుగు డిగ్రీలు దిగితే వలయం లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువై, ఎక్కడ చిన్న లీకున్నా గాలి లోపలికి వస్తుంది. మండే ఆవిరి ఉన్నచోట ఆక్సిజన్‌ను చేరనివ్వడం కంటే ప్రమాదం మరొకటి లేదు. పైగా తాజా పువ్వులో ఎక్కువ భాగం నీరే. ఆ తేమ కాయిల్‌లో మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. తేమ కోసం పంపుకు ముందు మాలిక్యులర్ సీవ్ (తేమను పీల్చే గుళికలు) నింపిన డ్రయ్యర్ పెట్టాము, దాని తరువాత ద్రవం పొరపాటున కూడా పంపులోకి పోకుండా ఒక ట్రాప్ పెట్టాము. ద్రవం నలగదు గనుక ఒక్క గుక్క లోపలికి పోయినా వాల్వులు విరిగిపోతాయి. పంపు మాత్రం పాతదీ, కొత్తదీ రెండూ నూనె లేనివే, ఎందుకంటే నూనె ఉంటే చివరికి మీ సీసాలోకే చేరుతుంది.

ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరికే రికవరీ మెషిన్‌తో ఇదంతా చవకగా చేయవచ్చు కదా అని అడిగిన మిత్రులకు ఒక మాట. ఆ మెషిన్లలోని స్విచ్చులు, రిలేలు నిప్పురవ్వను లోపలే బంధించేలా తయారైనవి కావు. బ్యూటేన్ ఆవిరి గాలికి రెట్టింపు బరువు, నేల మీద పాకుతుంది, గాలిలో 1.8 శాతం చేరితే చాలు అంటుకుంటుంది. దయచేసి ఎవరూ ఆ ప్రయత్నం చేయవద్దు. మా షెడ్డులో గ్యాస్ డిటెక్టర్లు నేలకు జానెడు ఎత్తులో ఉన్నాయి, గాలి లాగే ఫ్యాన్లు కూడా కిందనే ఉన్నాయి, చిల్లర్ గోడకు అవతల ఉంది. పంపు లాగే వైపు గేజు సున్నాకు రాగానే దానంతట అదే ఆగుతుంది. కొత్త గొట్టాలన్నిటినీ ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, ప్రతి జాయింటునూ సబ్బు నీటితో చూసి, ఆ తరువాతే ద్రావకం నింపాము. ట్యాంకును 80 శాతానికి మించి నింపడం లేదు, ఎండకు ద్రవం వ్యాకోచిస్తే చోటుండాలి కనుక.

ఈ పది రోజులుగా గంటకు 22 కిలోలు తిరిగి వస్తున్నాయి, గేజు రెండు బార్ దాటలేదు, జాకెట్ నీరు మళ్లీ 32 డిగ్రీలే. తొలి రెండు బ్యాచ్‌లు అమ్మకానికి పెట్టలేదు, పరీక్షకు పంపాము. ఆ రిపోర్టులు వచ్చాక పాత ఆర్డర్లను వచ్చిన వరుసలోనే పంపుతాము, పెద్ద ఆర్డరని ఎవరినీ ముందుకు జరపము. ఇకపై ప్రతి సీసాతో ఆ బ్యాచ్ మిగులు ద్రావకం రిపోర్టు నకలు వస్తుంది.

ఏప్రిల్ 10 నుంచి మే 5 మధ్య తేదీ ముద్రించిన లిల్లీ సారం సీసాలు మీ దగ్గరుంటే, సగం వాడినా సరే, వాడకం ఆపండి. మూత వదులు చేయకుండా, నిప్పుకు, ఎండకు దూరంగా నీడలో ఉంచండి. కొరియర్‌లో తిప్పి పంపవద్దు. మండే వాయువు మిగిలి ఉన్న సీసా అది, మా మనిషే వచ్చి తీసుకుంటాడు. పూర్తి డబ్బు కావాలో, కొత్త సరుకు కావాలో మీరే చెప్పండి. వాటితో చేసిన అత్తరుగాని, సబ్బుగాని అమ్మకుండా ఆపుకోవలసి వచ్చినవారు అందులో పడిన ఇతర ముడిసరుకు ఖర్చు కూడా రాసి పంపండి. ఒకేసారి ఇవ్వలేకపోయినా, దసరా లోపు మూడు వాయిదాలలో చెల్లిస్తాము. కొత్త పంపు, చిల్లర్ అప్పు మా మీద ఉంది గనుక వచ్చే జనవరి నుంచి లిల్లీ సారం ధర పెంచక తప్పదు, ఎంతన్నది నవంబరులో చెబుతాము. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు మాత్రం పాత ధరే వర్తిస్తుంది.