మీ లోయలో జంతువులు లేవు, శత్రువులే ఉన్నారు

గేమ్ డిజైన్ బృందానికి,
కస్టమర్ సపోర్ట్ విభాగం ద్వారా.

విషయం: మీ వీడియో గేమ్‌లోని ఉత్తరపు మంచులోయలో వన్యప్రాణులు, శత్రువులు ప్రవర్తిస్తున్న తీరుపై రెండో ఫిర్యాదు.

అయ్యా/అమ్మా,

నెల కిందట ఇదే విషయం మీద ఒక టికెట్ పెట్టాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: కష్టంగా అనిపిస్తే సెట్టింగ్స్‌లో డిఫికల్టీ తగ్గించుకోమని. నేను రాసింది ఎవరూ చదవలేదని అప్పుడే అర్థమైంది. కష్టంగా ఉందని నేను ఎక్కడా అనలేదు. విసుగ్గా ఉందన్నాను. ఆ రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. అయినా మీ మాట కాదనకుండా డిఫికల్టీ తగ్గించి చూశాను. అప్పుడు తోడేలు నాలుగు దెబ్బలకు ముందే చచ్చింది, అంతే. వచ్చిన తోడేళ్లు అవే, వచ్చిన చోటు అదే.

మీ ఆట నాకు ఇష్టం లేక రాస్తున్నది కాదు. 94 గంటలు ఆడాను, నా పాత్ర 31వ లెవెల్లో ఉంది. ఓడరేవు నగరం, అక్కడి క్వెస్టులు, రాత్రిపూట వినిపించే ఆ సంగీతం, వేటికీ వంక పెట్టను. గొడవంతా మంచులోయకు వెళ్లే వంతెన దాటాకే మొదలవుతుంది.

వంతెన నుంచి కొండ మీది మఠం దాకా ఆగకుండా నడిస్తే 12 నిమిషాలు పడుతుంది. గడియారం పెట్టుకుని చూశాను, ఏ జంతువూ కనబడకుండా చేసే మందు తాగి మరీ. మందు లేకుండా అదే దారికి పట్టింది 47 నిమిషాలు. తోడేళ్లు ఐదుసార్లు, అడవిపందులు రెండుసార్లు, ఎలుగుబంటి ఒకసారి మీదపడ్డాయి. ఒక నక్క కూడా వచ్చింది. నిజమే, నక్కే. నిండా కవచం తొడుక్కుని, డ్రాగన్ ఎముకతో చేసిన కత్తి పట్టుకుని ఉన్న మనిషి మీదికి కుందేలంత నక్క ఒంటరిగా ఎగబడింది. దానికి కూడా యుద్ధభేరీలు మోగాయి.

వంతెన దిగగానే కూలిపోయిన దేవదారు మాను ఒకటుంది కదా, దాని వెనక నుంచి మూడు తోడేళ్లు వస్తాయి. మధ్యలో ఉన్నదానికి ఎడమ చెవి సగం చిరిగి ఉంటుంది. ఆ చెవిని ఎవరు గీశారో గానీ చాలా బాగా గీశారు. చిరిగిన అంచు దగ్గర వెంట్రుకలు కూడా లేవు, ఏదో పాత కొట్లాటలో పోయినట్టు. మొదటిసారి చూసినప్పుడు దీనికో కథ ఉంటుందనుకున్నాను. ఇప్పటికి దాన్ని ఆరుసార్లు చంపాను. మఠం గుమ్మం తొక్కి వెనక్కి వస్తే చాలు, అదే చెవితో మళ్లీ సిద్ధం. శత్రువులు తిరిగి పుట్టుకురావడం తప్పని నేననను. 2011లో వచ్చిన డార్క్ సోల్స్ ఆటలో మంట దగ్గర కూర్చుంటే చచ్చినవన్నీ లేస్తాయి. కూర్చోవాలా వద్దా అన్న లెక్క ఆటగాడి చేతిలో ఉంటుంది. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో ఎర్ర చంద్రుడు వచ్చిన రాత్రి రాక్షసులు తిరిగి బతుకుతారు, చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. మీ లోయలో కారణమూ లేదు, లెక్కా లేదు. నేను వెనక్కి తిరగడమే కారణం.

చెవి చిరిగినదాన్ని మూడోసారి చంపినప్పుడు దాని దగ్గర ఒక ఇనుప బాకు, పదకొండు నాణేలు దొరికాయి. తోడేలుకు జేబు ఎక్కడిది?

ఇంతకన్నా బాధ కలిగించిన సంగతి ఇంకోటి. నాలుగోసారి ఆ మూడూ నా మీదికి పరిగెత్తుకొస్తున్నప్పుడు వాటి దారిలో ఒక దుప్పి మేస్తోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. తోడేళ్లు దాని పక్క నుంచే దూసుకొచ్చాయి. అవి దుప్పి వైపు చూడలేదు, దుప్పి తల కూడా ఎత్తలేదు. ఇక మీ ఆటలోనే జంతువుల పుస్తకం ఒకటి ఉంది కదా, అందులో తోడేళ్ల పేజీ తీసి చదవండి. అవి దుప్పుల మందను రోజుల తరబడి వెంటాడతాయని, మనిషి వాసన తగిలితే దారి మార్చుకుంటాయని మీవాళ్లే రాశారు. చక్కగా రాశారు. పైగా అది నిజం కూడా. బయట అడవుల్లో తోడేళ్లు మామూలుగా మనుషులకు దూరంగానే ఉంటాయి. పెద్ద జంతువు మీద వేటకు దిగినా ఎక్కువసార్లు ఉత్త చేతులతో వెనుదిరుగుతాయి. ఆ పేజీ రాసినవారిని, తోడేలుకు కోడ్ రాసినవారిని ఒకసారి ఒకే గదిలో కూర్చోబెడితే సగం పని అయిపోతుంది.

గుహలో ఉన్న ఆల్ఫా తోడేలు బాస్ (అక్కడి పెద్ద శత్రువు) సంగతి కూడా చెప్పాలి. ఆల్ఫా, అంటే కొట్లాడి గెలిచి గుంపును ఏలే తోడేలు, అన్న ఆలోచన 1947లో జంతు పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బందీగా ఉన్న తోడేళ్లను గమనించి రాసినదాని నుంచి పుట్టింది. దాన్ని జనంలోకి బాగా తీసుకెళ్లిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ తర్వాత తానే దిద్దుకున్నారు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే మామూలుగా తల్లి, తండ్రి, పిల్లలు, అంటే ఒక కుటుంబమని 1999లో రాశారు. మంత్రగాళ్లున్న ఆటలో ఈ శాస్త్రమంతా దేనికి అని మీరు నవ్వుకోవచ్చు. నాకైతే మంత్రగాణ్ణి నమ్మడానికి తోడేలు తోడేలులా ఉండడం కావాలి. కాళ్ల కింద నేల గట్టిగా ఉంటేనే గాల్లో కోట చూసి ఆశ్చర్యపోతాను.

ఒక సాయంత్రం కత్తి తీయకుండా మఠం గోడెక్కి కూర్చుని లెక్కపెట్టాను. కనుచూపు మేరలో వేటాడే జంతువులు 23. వేటాడబడేవి ఆరు: నాలుగు దుప్పులు, రెండు కుందేళ్లు. తిండి గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు సుమారు పదో వంతు శక్తే చేరుతుందని బడిలో చదువుకున్నాం. ఆ లెక్కన మీ తోడేళ్లు ఈపాటికి ఒకదాన్నొకటి తినేసి ఉండాలి. అలాగని నిజమైన అడవిని కంప్యూటర్‌లో నడపమని అడగడం లేదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ తయారుచేసినవాళ్లు అలాంటి ప్రయత్నం చేశారు. గడ్డి, గడ్డి తినేవి, వాటిని తినేవి అంటూ మొత్తం వ్యవస్థ కట్టారు. ఆటగాళ్లు కనబడ్డ ప్రతిదాన్నీ నరికేయడంతో అది నిలవలేదు, తీసేయాల్సి వచ్చింది. నాకు నిజం అక్కర్లేదు, నిజంలా కనిపిస్తే చాలు. ఒక్క తోడేలు ఒక్క దుప్పి వెంట పడుతూ కనిపించినా నేను ఆగి చూస్తాను.

బెదిరింపు అనే దశే మీ దగ్గర లేదు. 2001 నాటి గోథిక్‌లో జంతువు దగ్గరికి వెళ్తే అది ముందు మనవైపు తిరిగి గుర్రుమంటుంది. వెనక్కి తగ్గితే వదిలేస్తుంది, ముందుకెళ్తే అప్పుడు మీదపడుతుంది. స్కైరిమ్‌లో ఏనుగుల్లాంటి మామత్‌ల దగ్గర కాపలా ఉండే రాక్షసుడు కూడా అంతే. మరీ దగ్గరికి వెళ్లినవాణ్ణి ఒక్క దెబ్బతో ఆకాశంలోకి పంపిస్తాడు. ఆ దెబ్బ తిన్న ఎవరూ దాన్ని అన్యాయం అనలేదు, నవ్వుకున్నారు. ఎందుకంటే వాడి జోలికి పోయింది మనమే.

దారిదోపిడీ దొంగల గురించి పొడిగిస్తే ఉత్తరం పెరుగుతుంది. ఐదో లెవెల్లో మూడు దెబ్బలకు పోయిన దొంగ ఇప్పుడు పద్నాలుగు దెబ్బలు తింటున్నాడు, ఒంటి మీద రాజుగారి అంగరక్షకుడికి కూడా లేని కవచం. అంత ఆస్తి పెట్టుకుని నా దగ్గర ఇరవై నాణేలు అడుగుతాడు. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో ఆటగాడితో పాటు దొంగలూ బలపడిపోయే ఇదే పొరపాటు జరిగింది, గాజు కవచాలేసుకున్న ఆ దొంగల మీద జనం ఇప్పటికీ జోకులేస్తున్నారు. ఇక మీ దొంగల గుడారానికి పది అడుగుల్లో ఎలుగుబంటి గుహ. ఇద్దరూ ఇరుగుపొరుగుల్లా ఉంటారు. నన్ను చూడగానే మాత్రం కలిసికట్టుగా వస్తారు.

అన్నీ చెడ్డవే అనను. చిత్తడి నేలలోని నీటిపిశాచాలు అద్భుతం. లాంతరు వెలిగిస్తేనే అవి లేస్తాయి, చీకట్లో నడిస్తే వాటి పక్కనుంచే పోవచ్చు. ఆ సంగతి తెలిసిన రాత్రి లాంతరు ఆర్పి, నీళ్లలో బుడగల చప్పుడు వింటూ ఒక్కో అడుగూ వేశాను. అంత టెన్షన్ ఈ మధ్య ఏ ఆటలోనూ పడలేదు. కత్తి ఒక్కసారి కూడా తీయలేదు. ఆ పిశాచాలను తయారుచేసినవారికి నా నమస్కారాలు చెప్పండి, కుదిరితే తోడేళ్లను కూడా వారికే అప్పగించండి.

ఇప్పుడు ఈ ఉత్తరానికి అసలు కారణం. మొన్న ఎలుగుబంటి తరుముతుంటే గొర్రెల కాపరి గుడిసెలో దూరాను. అది గుమ్మంలో ఇరుక్కుంది. తల, ఒక ముందుకాలు లోపల, మిగతాదంతా బయట. బాణాలు వేశాను. సగం ప్రాణం పోగానే నా దగ్గరికి దారి దొరకలేదన్న లెక్కతో కాబోలు, మళ్లీ మొత్తం నింపుకుంటోంది. బయటికి పోవడానికి వేరే తలుపు లేదు. నడవకుండానే వేరే చోటికి చేర్చే ఫాస్ట్ ట్రావెల్ నొక్కితే దగ్గర్లో శత్రువులున్నారని నిరాకరిస్తోంది. సేవ్ కూడా కుదరదంటోంది. ఎలుగు పంజా నా ముక్కుకు జానెడు దూరంలో గాలిని గోకుతోంది, భేరీలు మోగుతున్నాయి, కాపరి ముసలమ్మ మాత్రం ప్రతి అర నిమిషానికీ నవ్వుతూ, "చలి బాగా పెరిగింది నాయనా, మంట దగ్గరికి రా" అంటోంది. ఇరవై నిమిషాలు చూసి ఆట మూసేశాను. గంటన్నర ఆట పోయింది.

2002లో మారోవిండ్‌లో క్లిఫ్ రేసర్ అనే ఎగిరే జంతువు ఇలాగే ఆటగాళ్ల ప్రాణం తోడేసింది. ఆ గోల ఎంత దూరం పోయిందంటే, తర్వాతి ఆటలో వాటిని తరిమేసినందుకు ఒకాయన్ని ఏకంగా సెయింట్ చేసేశారు. నాకు ఆ పదవి వద్దు. వచ్చే ప్యాచ్‌లో, అంటే ఆటకు మీరు పంపే సవరణలో, ఈ నాలుగూ చూడండి చాలు: మీదపడే ముందు జంతువు హెచ్చరించాలి, బాగా దెబ్బతిన్నది తోక ముడిచి పారిపోవాలి, చంపినది ఆటలో కనీసం కొన్ని రోజులైనా తిరిగి రాకూడదు, దారి దొరకని జంతువు కాసేపటికి విసిగి వెళ్లిపోవాలి. నక్కకు భేరీలు మోగించడం మానేస్తే మరీ సంతోషం.

డిఫికల్టీ తగ్గించుకోమని మాత్రం మళ్లీ రాయకండి. ఈసారి జవాబు ఆట తయారుచేసినవారి నుంచి రావాలని కోరుతున్నాను.

గుడిసెలో దూరిన క్షణాన ఆట తనంతట తాను దాచుకున్న ఆటోసేవ్ ఫైల్ ఒకటి దొరికింది, దీనికి జత చేస్తున్నాను. తెరిచి చూడండి. ఎలుగుబంటి ఇంకా ఆ గుమ్మంలోనే ఉంది.

ఇట్లు,
31వ లెవెల్ ఆటగాడు