గేటు బయట అన్న మాటకు టీసీలా? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లా పరిషత్ బళ్లలో చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. రిటైరయ్యాక కూడా పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఏదో ఒక కాగితం పట్టుకుని సలహా కోసం వస్తూనే ఉంటారు. ఈమధ్య ఆ కాగితాల్లో టీసీలు, అంటే బడి నుంచి పంపేసే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్లు, కనిపిస్తున్నాయి. ఫీజు కట్టలేదనో, హాజరు తగ్గిందనో ఇచ్చినవి కావు. పిల్లలు బడి బయట, సెలవు రోజున, సొంత ఫోన్లో పెట్టిన మాటకి ఇచ్చినవి. దాని గురించే ఈ ఉత్తరం.

మిమ్మల్ని అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. బడి బయట అన్న మాటకి, పెట్టిన పోస్టుకి పిల్లల్ని చదువు నుంచి వెళ్లగొట్టే అధికారం ఏ యాజమాన్యానికీ లేదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ మాట తోటి పిల్లనో పిల్లాడినో వేధించేదైతే మాత్రం, బయట జరిగిందని బడి చేతులు దులుపుకోవడానికి వీల్లేదని అదే ఉత్తర్వులో రాయాలి. ఈ రెండూ కలిపి ఎందుకు అడుగుతున్నానో నా దగ్గరికి వచ్చిన రెండు కేసులు చెబితే మీకే అర్థమవుతుంది.

మొదటిది ఇంటర్ సెకండియర్ కుర్రాడిది. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. దసరా సెలవుల్లో కూడా క్లాసులు పెట్టారన్న ఉక్రోషంతో ఆ కుర్రాడు ప్రిన్సిపల్ ఫొటోకి గాడిద చెవులు తగిలించి, కింద ఒక బూతు మాట రాసి ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టాడు. స్టోరీ మర్నాటికి దానంతటదే పోయింది. ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ మాత్రం మిగిలింది. జనవరిలో తండ్రిని పిలిపించి టీసీ చేతిలో పెట్టారు. ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు అడ్మిషన్ ఫారం నకలు కూడా తెచ్చారు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారేమో, మడతల్లో ఎర్రటి మిర్చి పొడి ఇరుక్కుని ఉంది. వెనక పేజీలో, చీమ తలంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక షరతు. దాని సారాంశం ఇది: సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే ఏ పని చేసినా, ఎక్కడ చేసినా, కారణం చెప్పకుండా విద్యార్థిని తొలగించవచ్చు; కట్టిన ఫీజు తిరిగి ఇవ్వరు. దాని కింద ఆయన సంతకం. ‘అదేంటో నాకు చదివి చెప్పలేదు మేడం, ఇక్కడ పెట్టండి అన్నారు, పెట్టాను’ అన్నారాయన. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాక, సెకండియర్ మధ్యలో, కాండక్ట్ బాగాలేదని రాసిన కాగితంతో వచ్చిన కుర్రాణ్ని ఏ కాలేజీ చేర్చుకుంటుంది?

రెండోది విజయవాడలో తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయిది. ఆమె క్లాసు మగపిల్లలు కొందరు ఒక వాట్సాప్ గ్రూపులో, ఆదివారం రాత్రి, వార్షికోత్సవంలో తీసిన ఆ పిల్ల ఫొటో పెట్టి, కులం పేరుతో, నేను ఇక్కడ రాయలేని మాటలతో కామెంట్లు చేశారు. సోమవారం ఉదయం ప్రేయర్ అయ్యేసరికి క్లాసంతా చూసేసింది. మంగళవారం నుంచి ఆ పిల్ల బడికి పోనని మంచం దిగలేదు. తల్లి వెళ్లి అడిగితే హెడ్‌మాస్టర్ గారు చెప్పిన సమాధానం: ‘అది స్కూల్లో జరగలేదు కదమ్మా. ఫోన్లు కొనిచ్చేది మీరు. మాకేం సంబంధం?’

మంత్రి గారూ, ఈ రెండూ వేర్వేరు యాజమాన్యాలు. కానీ గేటు ఎక్కడుందో తేల్చే పద్ధతి మాత్రం ఒక్కటే. యాజమాన్యం పేరుకి దెబ్బ తగిలితే బడి గేటు పిల్లవాడి పడకగది దాకా వస్తుంది. ఒక దళిత పిల్ల పరువు పోతే గేటు మళ్లీ కాంపౌండ్ గోడకే పరిమితమవుతుంది. దెబ్బ తగిలింది ఎవరికి అన్నదాన్ని బట్టి నియమం మారిపోతుంటే అది క్రమశిక్షణ ఎలా అవుతుంది? నాకు కోపం తెప్పించింది ఇదే.

పిల్లలు బూతులు మాట్లాడటం మంచిదని నేననడం లేదు. ఆ ఇంటర్ కుర్రాణ్ని నేనే కూర్చోబెట్టి మందలించాను. ప్రిన్సిపల్ గారు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టినా, క్షమాపణ రాయించుకున్నా నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. తిట్టడం వేరు, చదువు తీసేయడం వేరు.

అభ్యంతరకరమైన మాట అంటే ఏమిటో నిర్ణయించడం ఎంత కష్టమో దేశం ఇప్పటికే చూసింది. 2012లో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒక వ్యాఖ్య పెట్టినందుకు ఒక అమ్మాయిని, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయిని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. అందుకు వాడింది ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ‘తీవ్ర అభ్యంతరకరం’ లాంటి మాటలకి హద్దూ పద్దూ లేదని, ఒకరికి అభ్యంతరమైంది ఇంకొకరికి కాకపోవచ్చని చెప్పింది. పార్లమెంటు చేసిన చట్టానికే చెల్లని అస్పష్టత ఒక అడ్మిషన్ ఫారం వెనక పేజీలో ఎలా చెల్లుతోంది? ప్రైవేటు యాజమాన్యం మీద, మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగంలోని 19వ అధికరణం నేరుగా పనిచేయదని లాయర్లు అంటారు. నిజమే. అందుకే కోర్టుకి పొమ్మనకుండా మీకు రాస్తున్నాను. ఆ సంస్థలకి గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వం. గుర్తింపుకి షరతు పెట్టగలిగేది కూడా ప్రభుత్వమే.

అమెరికాలో సరిగ్గా ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెన్సిల్వేనియాలో 14 ఏళ్ల అమ్మాయి, పెద్ద జట్టులో చీర్‌లీడర్‌గా చోటు దొరకలేదన్న కోపంతో, 2017లో ఒక వారాంతం ఊళ్లోని దుకాణం దగ్గర నుంచి స్నాప్‌చాట్‌లో బడినీ, ఆటల్నీ కలిపి బూతు తిట్టింది. బడి ఆమెని ఏడాదిపాటు జూనియర్ జట్టు నుంచి తీసేసింది. 2021 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో బడి చేసింది తప్పంది. బడి బయట పిల్లల బాధ్యత మామూలుగా తల్లిదండ్రులదని, బడిలోనూ బయటా కూడా బడే నోరు కట్టేస్తే పిల్లలకి మాట్లాడే చోటే మిగలదని చెప్పింది. అదే తీర్పులో, ఒక విద్యార్థిని గురిపెట్టి చేసే తీవ్రమైన వేధింపు, టీచర్లకో పిల్లలకో బెదిరింపు లాంటివి బయట జరిగినా బడి కలగజేసుకోవచ్చని కూడా ఉంది. అక్కడి తీర్పు ఇక్కడ చెల్లదు. కానీ గీత ఎక్కడ గీయాలో ఆలోచించడానికి పనికొస్తుంది.

మనకైతే ఇంకా దగ్గరి ఉదాహరణే ఉంది. 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం, బెజవాడ ఊళ్లలో ఉపన్యాసాలిచ్చారు. అవి విన్న రాజమహేంద్రవరం టీచర్ ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వస్తే, ప్రిన్సిపల్ మార్క్ హంటర్‌కి అది అవిధేయత అనిపించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి పంపేశారు. టీచర్ అవ్వాల్సిన మనిషి. మరుసటి ఏడాది బెజవాడ నుంచి నడిచిన ‘స్వరాజ్య’ పత్రికలో రాతలకి జైలుకి కూడా వెళ్లారు. ఆ తర్వాత జీవితమంతా గ్రంథాలయాలకీ, వయోజన విద్యకీ పెట్టారు. విజయవాడ పటమటలో ఆయన పేరున సర్వోత్తమ భవనం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో బూతు రాసిన కుర్రాడూ ఆయనా ఒకటేనని అనడానికి నాకేం మతి పోలేదు. కానీ ఆ రోజున ప్రిన్సిపల్ దగ్గరున్న అధికారం, ఈ రోజు ఫారం వెనక రాసుకున్న అధికారం ఒకలాంటివే. గాడిద చెవులకి వాడిన షరతునే రేపు హాస్టల్ అన్నంలో పురుగులున్నాయని వీడియో పెట్టిన పిల్ల మీదా వాడతారు. హాస్టల్ సంగతులు బయటపెట్టొద్దని పిల్లల్ని బెదిరిస్తున్నారని తల్లులు నాతో చెబుతూనే ఉన్నారు.

ఇక కష్టమైన సగం. ఆ తొమ్మిదో తరగతి పిల్ల విషయంలో ఏం చేయాలి?

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు. కులం పేరుతో అవమానించడానికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. సైబర్ ఫిర్యాదుకి 1930, పిల్లల సాయానికి 1098 నంబర్లున్నాయి. ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. వెళ్లాలనుకున్న తల్లిని బడి ఆపకూడదు. కానీ ఆ తల్లి నాతో అన్న మాట ఇది: ‘వాళ్లూ పిల్లలే మేడం. జైల్లో పెట్టించాలని నాకు లేదు. మా పాప టెన్షన్ లేకుండా క్లాసులో కూర్చోవాలి, అంతే.’ ఆ ఒక్క పని పోలీసులు చేయలేరు. బడి మాత్రమే చేయగలదు. ఆ పోస్టు తీయించడం, ఆ మగపిల్లల్ని వేరే సెక్షన్‌కి మార్చడం, రెండు వైపుల తల్లిదండ్రులనీ పిలిపించడం, పిల్ల మళ్లీ బడికి వచ్చిన మొదటి వారం ఒక టీచర్ ఆమెని కనిపెట్టుకుని ఉండటం, ఆ మగపిల్లలకి కులం అంటే ఏమిటో, తాము అన్నది ఎవరి మీద ఎంత బరువుగా పడిందో అర్థమయ్యేలా రోజుల తరబడి చెప్పడం. ఓపిక కావాల్సిన పని. టీసీ రాయడం కంటే చాలా కష్టం. ఆ మగపిల్లలకి కూడా టీసీ ఇమ్మని నేను అడగడం లేదు. ఇచ్చి పంపితే వాళ్లు ఇంకో బడిలో, ఇంకో పిల్ల వెనక బెంచీలో కూర్చుంటారు.

కాలేజీల విషయంలో ఈ ఆలోచన ఇప్పటికే ఉంది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2009 ర్యాగింగ్ నిబంధనలు క్యాంపస్ బయటి హాస్టళ్లకీ, విద్యార్థులు ప్రయాణించే బస్సులకీ కూడా వర్తిస్తాయి. 2016లో కులం, మతం, ప్రాంతం లాంటి కారణాలతో చేసే వేధింపుని కూడా వాటిలో చేర్చారు. 2015లో ఇక్కడే నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న అమ్మాయి ఆత్మహత్య చేసుకున్నప్పుడు రాష్ట్రమంతా ర్యాగింగ్ గురించి మాట్లాడింది. బడి పిల్లలకి, ఇంటర్ పిల్లలకి కూడా అంత స్పష్టంగా రాసిన కాగితం కావాలి.

విద్యాహక్కు చట్టంలో ఒక ఖాళీ ఉంది, మీ దృష్టికి తెస్తాను. 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదు. 17వ సెక్షన్ శారీరక దండననీ, మానసిక వేధింపునీ నిషేధిస్తుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ రక్షణ ఆగిపోతుంది. మన ఇళ్లలో పిల్లల చేతికి సొంత ఫోన్ వచ్చేది కూడా దాదాపు అప్పుడే. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఆ నాలుగేళ్లే మీరు ముందు పట్టించుకోవాల్సినవి.

ఫోన్ల తనిఖీ గురించి కూడా ఒక మాట. స్క్రీన్‌షాట్ ఎవరిదో తేల్చాలని పిల్లల ఫోన్లు లాక్కుని, పాస్‌వర్డ్ చెప్పించి, గ్యాలరీ మొత్తం తిరగేస్తున్నారు. ఆడపిల్లల ఫోన్లు కూడా మగ సిబ్బందే చూస్తున్నారు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో చెప్పింది. ఇది వెంటనే ఆగాలి.

టీచర్ల సంగతి మర్చిపోలేదు, నేనూ టీచర్నే. పాఠం అర్థం కాలేదనో, సార్ సరిగా చెప్పరనో రాస్తే మనం భరించాలి. లేడీ టీచర్ ఫొటో మార్ఫింగ్ చేసి తిప్పడం దానితో సమానం కాదు, అది నేరం. ఆమె ఫిర్యాదు చేస్తే యాజమాన్యం ఆమె పక్కన నిలబడాలి, సర్దుకుపొమ్మని చెప్పకూడదు. అక్కడ కూడా నిందితుడు 18 ఏళ్లలోపు వాడైతే చట్టం అతని పేరు బయటపెట్టొద్దంటుంది. ఆ పేరుని బడి నోటీసు బోర్డు మీద పెట్టడం తప్పు.

కాబట్టి ఉత్తర్వులో ఈ మాటలు ఉండాలని కోరుతున్నాను. సంస్థ ప్రతిష్ఠ అన్న కారణం మీద బయటి మాటలకి శిక్ష వేసే షరతులు అడ్మిషన్ ఫారాల్లోంచి తీసేయాలి. ఇకపై పెట్టే ప్రతి షరతూ తెలుగులో, సంతకం పైనే ఉండాలి. తోటి విద్యార్థినో టీచర్నో గురిపెట్టిన వేధింపు, బెదిరింపు అయితేనే బడి కలగజేసుకోవాలి. అప్పుడు కలగజేసుకుని తీరాలి. పిల్లవాడి మాట, తల్లిదండ్రుల మాట విన్నాకే నిర్ణయం రాతపూర్వకంగా ఇవ్వాలి. దాని మీద జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓ), ఇంటర్ అయితే ఇంటర్ విద్య చూసే జిల్లా అధికారికి అప్పీలు ఉండాలి. అప్పీలు తేలేదాకా టీసీ ఇవ్వకూడదు, హాల్‌టికెట్ ఆపకూడదు, కాండక్ట్ సర్టిఫికెట్ మీద మచ్చ పెట్టకూడదు.

మీ ప్రభుత్వమే మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పేరుతో తల్లిదండ్రుల్ని బళ్లకి పిలిచి కూర్చోబెడుతోంది. తర్వాతి సమావేశంలో ఈ ఉత్తర్వు చదివి వినిపించేలా చూడండి, ప్రైవేటు బళ్లలో కూడా. అంతకంటే ముందు, ఈ ఏడాది ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు, ఇలాంటి టీసీలు ఇచ్చిన కాలేజీల నుంచి వివరణ తెప్పించి, ఆ పిల్లల్ని పరీక్షలకి కూర్చోనివ్వమని ఇంటర్ బోర్డుకి చెప్పండి. తల్లిదండ్రులు ఒప్పుకుంటే వాళ్ల ఫారాల నకళ్లు నేనే మీ కార్యాలయానికి తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు