రుమాటిక్ జబ్బును వదిలేసి గుండె వాపుల లెక్కా?

సంపాదకులకు,

గుండె వాపు జబ్బులపై ఏ దేశం ఎన్ని పరిశోధన పత్రాలు వెలువరించిందో లెక్కగట్టి ర్యాంకులు వేసే అధ్యయనాలు ఎక్కువయ్యాయి. వాటిని వార్తగా వేసేముందు ఒక్క ప్రశ్న అడగాలి: ఏ మాటలతో వెతికారు?

వాపు గుండె కండరానికి వస్తే మయోకార్డైటిస్, పైపొరకు వస్తే పెరికార్డైటిస్, లోపొరకూ కవాటాలకూ వస్తే ఎండోకార్డైటిస్. ఈ మూడు మాటలతోనే పరిశోధన పత్రాల వివరాలుండే డేటాబేస్ గాలిస్తే రుమాటిక్ గుండె జబ్బు పత్రాలు చాలావరకు జారిపోతాయి. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్లవాత జ్వరంగా మారి, చివరికి కవాటాలను పాడుచేసే జబ్బు ఇది. 2015లో ప్రపంచంలో 3.34 కోట్ల మందికి ఇది ఉందనీ, ఆ ఏడాది 3.19 లక్షల మంది చనిపోయారనీ అంచనా. రోగుల సంఖ్యలో మన దేశమే ముందుంది. దీన్ని వదిలేసిన పట్టికలో ధనిక దేశాలు పైకి తేలితే వింతేముంది?

మాటలు తక్కువైతే ఒక తంటా, వదులైతే ఇంకొకటి. ‘మయోకార్డి’ తర్వాత నక్షత్రం గుర్తు (*) పెట్టి, అంటే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ కావాలని వెతికితే మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్, అంటే మామూలు గుండెపోటు పత్రాలు కుప్పలుగా వచ్చి పడతాయి. వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేస్‌లో ‘టాపిక్’ వెతుకులాటదీ ఇదే చిక్కు. పత్రంలో ఉదహరించిన పాత పత్రాల శీర్షికల నుంచి యంత్రం ఏరిన పదాలను కూడా అది చూస్తుంది. అందుకే శీర్షిక, సారాంశం, రచయిత ఇచ్చిన కీలకపదాల వరకే వెతకాలి. వచ్చినవాటిలోంచి ఓ రెండు వందలు చీటీలు తీసినట్టు తీసి, ఇద్దరు విడివిడిగా చదివితే తాలు ఎంత కలిసిందో తేలుతుంది. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే.

డేటాబేస్ రోజూ పెరుగుతుంటుంది కాబట్టి అంతా ఒకే రోజు దించుకోవాలి. స్కోపస్, పబ్‌మెడ్ డేటాబేస్‌లు కూడా కలిపితే, పత్రానికి ఇచ్చే డీఓఐ అనే గుర్తింపు సంఖ్యతోనూ, అది లేనిచోట శీర్షిక, సంవత్సరంతోనూ సరిపోల్చి రెండోసారి వచ్చినవి తీసేయాలి.

పది దేశాలవాళ్లు కలిసి రాసిన పత్రానికి ఒక్కో దేశానికి ఒకటి చొప్పున వేస్తే ఒక్క పత్రం పదవుతుంది. 0.1 చొప్పున పంచితే ర్యాంకులు మారిపోవచ్చు. రెండు లెక్కలూ పక్కపక్కన చూపాలి. రచయితల పట్టికలో మన పేర్లతో మరీ ఇబ్బంది. ‘రావు ఎస్’ అన్న పేరు కింద ఎందరి పనో ఒక్కరి ఖాతాలో పడుతుంది. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక రాసినాయన ఇద్దరైపోతాడు. రచయితకు ఇచ్చే ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య, సంస్థ పేరు చూసి చేత్తో సరిచేయక తప్పదు. పత్రాల, రచయితల మధ్య లింకులను బొమ్మగా చూపే వీఓఎస్ వ్యూయర్ సాఫ్ట్‌వేర్ గీసే రంగుల పటం ఈ తప్పును దిద్దదు, ముస్తాబు చేస్తుందంతే.

కోవిడ్ టీకాల తర్వాత అరుదుగా కనిపించిన మయోకార్డైటిస్‌పై 2021 నుంచి కేసు నివేదికలు, లేఖలు వెల్లువెత్తాయి. వాటిని అసలు పరిశోధనతో కలిపి గీత గీస్తే ప్రగతి ఉన్నదానికన్నా ఎత్తుగా కనబడుతుంది. కేసు నివేదికలను డేటాబేస్ తరచూ ‘వ్యాసం’ గానే నమోదు చేస్తుంది కనుక, శీర్షికలు చదివి విడదీయాలి.

ఇకమీదట ర్యాంకుల వార్త వేసినప్పుడు డేటాబేస్ పేరు, వెతికిన తేదీ, వెతికిన మాటలు ఒక్క వాక్యంలో ఇవ్వగలరని మనవి.

– వైద్య గ్రంథాలయ సిబ్బంది, హైదరాబాద్