అరగదీయక ముందే చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

పెళ్లిళ్ల కాలం దగ్గరపడేకొద్దీ పత్రికల జిల్లా సంచికల్లో ‘స్మైల్ డిజైనింగ్’ ప్రకటనలు పెరుగుతుంటాయి. ముందు పళ్లకు వెనీర్లు వేయించుకుంటే రెండు మూడు సిట్టింగులలో నవ్వు మారిపోతుందని, అవి జీవితాంతం ఉంటాయని వాటిలో రాస్తారు. నల్లగొండ జిల్లాలో దంతవైద్యం చేస్తున్న నేను ఈ చికిత్సకు వ్యతిరేకిని కాను. అవసరమైనవారికి నేనూ వేస్తుంటాను. అయితే ప్రకటన చూసి వచ్చేవారు ఏ తెలుపు తమకు నప్పుతుందని, పెళ్లినాటికి పని పూర్తవుతుందా అని అడుగుతారే తప్ప, పంటిని ఎంత అరగదీస్తారని అడగడం చాలా అరుదు. చెప్పవలసిన వైద్యులు కూడా చాలాసార్లు ఆ మాట దాటవేస్తున్నారు.

వెనీర్ అంటే పంటి ముందు వైపున అతికించే పలుచని పింగాణీ పెంకు, లేదా కాంపోజిట్ రెజిన్ (పంటి రంగులో ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర. పింగాణీదైతే మందం సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు 1930ల నాటికే నటులకు ఇలాంటివి చేసిచ్చాడు గాని, గట్టిగా అతికించే దారి లేక అవి షూటింగ్ జరిగినంతసేపే నిలిచేవి. పంటి గట్టి పై పొర అయిన ఎనామిల్‌పై ఆమ్లం పూసి గరుకు చేస్తే రెజిన్ దాన్ని బలంగా పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించాడు. పింగాణీ లోపలి వైపును కూడా అదే విధంగా గరుకు చేసే పద్ధతి 1980లలో వచ్చింది. నేటి వెనీర్ నిలబడుతున్నది ఈ రెండింటి మీదే కనుక, కింద ఎనామిల్ మిగిలి ఉన్నంతవరకే ఆ అతుకుకు బలం. ఎనామిల్ దాటి దాని లోపలి పొర అయిన డెంటిన్ దాకా అరగదీస్తే అతుకు నమ్మకం తగ్గుతుంది, చల్లని నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటాయి. పోయిన ఎనామిల్‌ను శరీరం తిరిగి తయారు చేసుకోలేదు. అందువల్ల పంటిని ఒకసారి అరగదీశాక వెనీర్ వద్దనుకునే అవకాశం ఉండదు. ఊడినా, పగిలినా మరొకటి వేయించుకోవలసిందే.

ఇంతకన్నా పెద్ద నష్టం వెనీర్ పేరు చెప్పి క్యాపులు వేయడంలో ఉంది. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల అధ్యయనం ప్రకారం వెనీర్ కోసం చిగురు బయట ఉండే పంటి భాగంలో 3 నుంచి 30 శాతం వరకు పోతే, చుట్టూ తొడిగే క్యాపు కోసం 63 నుంచి 72 శాతం వరకు పోతుంది. బ్రిటన్ యువత చవకగా వస్తుందని టర్కీ వెళ్లి, ఆరోగ్యంగా ఉన్న పళ్లను మేకుల్లా చెక్కించుకుని క్యాపులతో తిరిగివస్తుంటే, బ్రిటన్ దంతవైద్యుల సంఘం హెచ్చరించవలసి వచ్చింది. మన దగ్గర అలా జరగదని చెప్పే ధైర్యం నాకు లేదు. వంకర పళ్లను క్లిప్పులతో సరిచేయడానికి ఏడాదికి పైగా పడుతుంది, క్యాపులైతే వారం రోజులు చాలు. ముహూర్తం పెట్టుకుని వచ్చిన కుటుంబానికి ఏది నచ్చుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మా జిల్లా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ తెలుగు నేల మీద కొత్తది కాదు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు దాన్ని గుర్తించారు. మా మర్రిగూడ, మునుగోడు వైపు, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండడం అందరికీ తెలిసిందే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ మరక పడేది శాశ్వత దంతాలు దవడలో తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపే. కాబట్టి ఇప్పుడు ఊరికి కృష్ణా నీళ్లు వచ్చినా, చిన్నప్పుడు పడ్డ మరక తోమితే పోదు. సంబంధాలు చూసేవారి ముందు పెదవి విప్పడానికి జంకే ఆడపిల్లలను నేను తరచూ చూస్తుంటాను. వారు నవ్వు కోసం డబ్బు ఖర్చు పెట్టడాన్ని సోకు అనే పెద్దమనుషులతో నాకు ఏకీభావం లేదు. కానీ సున్నం లాంటి తెల్ల మచ్చలకు, పైపై చారలకు నేరుగా వెనీర్ అక్కరలేదు. బ్లీచింగ్, పై పొరను అతి పలుచగా రుద్ది తీసే మైక్రో అబ్రేషన్, మచ్చలోకి రెజిన్ ఇంకించడం వంటివి ముందు చేసి చూడవచ్చు. వీటికి ఖర్చు తక్కువ, పంటిలో అరిగిపోయేది దాదాపు ఉండదు. మరక లోతుగా ఉండి, ఎనామిల్ గుంటలు పడి పెచ్చులు లేస్తున్నప్పుడు వెనీర్ సరైన చికిత్సే. అయితే అటువంటి ఎనామిల్‌కు అతుకు అంత తేలికగా పట్టదని కూడా రోగికి చెప్పాలి.

‘జీవితాంతం’ అన్న మాట మాత్రం నిజం కాదు. పింగాణీ వెనీర్లు బాగా చూసుకుంటే పది పదిహేనేళ్లు, కాంపోజిట్‌వి ఐదు నుంచి ఏడేళ్లు ఉంటాయని మేము సాధారణంగా చెబుతాం. ఇరవై రెండేళ్ల అమ్మాయి నేడు పింగాణీవి వేయించుకుంటే, పదిహేనేళ్ల చొప్పున లెక్కవేసినా 37, 52, 67 ఏళ్ల వయసులలో మళ్లీ వేయించుకోవాలి. ఎనిమిది పళ్లకైతే ప్రతిసారీ ఎనిమిదింటి ఖర్చు. కాంపోజిట్‌కు టీ, పసుపు మరకలు పడతాయి గాని అరగదీత తక్కువ, పెచ్చు లేస్తే అక్కడికక్కడే సరిచేయవచ్చు. చిన్న వయసువారికి నేను ముందుగా దాన్నే సూచిస్తాను. నిద్రలో పళ్లు కొరికేవారికి, చిగుళ్ల నుంచి రక్తం వచ్చేవారికి ఆ సమస్య తీరేదాకా ఏదీ వేయకూడదు. చెరకు గడ పళ్లతో చీల్చడం, నల్లి బొక్క కొరకడం మానలేనివారు కూడా కొంచెం ఆలోచించుకోవడం మంచిది.

అరగదీయక ముందే ఫలితం చూసుకునే మార్గం ఒకటి ఉంది. నోటి అచ్చు తీసి, దాని మీద మైనంతో కొత్త పళ్ల ఆకారం చేసి, ఆ నమూనాను తాత్కాలిక రెజిన్‌తో మన పళ్ల మీదే పెట్టి చూపించవచ్చు. దీనిని మాక్‌అప్ అంటారు. రోగి అద్దంలో చూసుకుని, మాట్లాడి, ఇంట్లోవారికి చూపించి, నచ్చకపోతే తీసేయమనవచ్చు. కంప్యూటర్ తెర మీద చూపించే బొమ్మ దీనికి సాటి రాదు.

మీ ద్వారా రెండు విన్నపాలు. ‘శాశ్వతం’, ‘జీవితాంతం’ అనే మాటలున్న దంత చికిత్స ప్రకటనలను పత్రికలు తీసుకోకుండా ఉండాలి. రెండు రాష్ట్రాల దంత వైద్య మండళ్లు ఒక అంగీకార పత్రాన్ని తెలుగులో రూపొందించి ప్రతి క్లినిక్‌లో తప్పనిసరి చేయాలి. వేసేది వెనీరా క్యాపా, ఏయే పళ్లకు, ఏ పదార్థంతో, సుమారు ఎంత అరగదీస్తారు, పగిలితే ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం మీద, మత్తు సూది వేయడానికి ముందు కుర్చీలో పడుకోబెట్టి తీసుకునే సంతకం కాకుండా, కనీసం ఒక రోజు ముందు ఇంటికి ఇచ్చి పంపే కాగితమై ఉండాలి.

భవదీయురాలు,
ఒక దంతవైద్యురాలు,
నల్లగొండ జిల్లా