కాలిన పైలట్ల కథ మా తమ్ముడికి చేర్చినవాళ్ళకి

అందరికీ నమస్కారం. అగ్నిప్రమాదంలో ముఖం, చేతులు కాలిన మా తమ్ముడు గది దాటి రావట్లేదని, వాడితో ఏం మాట్లాడాలో తోచట్లేదని ఆమధ్య మీకు చెప్పుకున్నాను. మీలో కొందరు ధైర్యం చెప్పి ఊరుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మంటల్లో చిక్కి బతికిన బ్రిటిష్ వాయుసేన పైలట్ల చరిత్రను ఓపిగ్గా వాడి దాకా తెచ్చారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి మీరు చేసిన మేలు మాత్రం చెబుతాను.

వాయుసేనలో విమానాల మరమ్మతు చేసి రిటైరైన బాబాయి గారూ, మొదటి నమస్కారం మీకు. "వాళ్ళకీ ముఖం, చేతులే ఎందుకు కాలాయి?" అని తమ్ముడు అడిగితే మీరు హరికేన్ విమానం బొమ్మ గీసి పంపారు. రెక్కల మొదట్లో రెండు పెట్రోలు ట్యాంకులు, ఇంకొకటి ఇంజనుకీ పైలట్‌కీ మధ్యలో. దానికి తూటా తగిలిందా, మంట కాక్‌పిట్‌లోకే వస్తుంది. పైకప్పు వెనక్కి నెట్టి, బెల్టు విప్పుకుని దూకాలి. అంతసేపూ ఆ మంటలోనే. కంట్రోళ్ళ మీద పట్టు బాగా తెలియాలని గ్లవ్స్, చూపుకి అడ్డమని గాగుల్స్ తీసేసి ఎగిరినవాళ్ళూ ఉన్నారట. ఆ బొమ్మ ఇప్పుడు వాడి మంచం పక్కన గోడకి ఉంది.

జెఫ్రీ పేజ్ అనే పైలట్ గురించి చెప్పింది కూడా మీరే. 1940 ఆగస్టు 12న ఇంగ్లిష్ ఛానల్ మీద జర్మన్ డోర్నియర్ బాంబర్ల వెంటపడుతుండగా ఆయన హరికేన్ అంటుకుంది. అప్పటికి ఆయనకి 20 ఏళ్ళు. కాలిన వేళ్ళతోనే పారాచూట్ తాడు లాగి సముద్రంలో పడ్డాడు, పడవవాళ్ళు కాపాడారు. ఎన్నో ఆపరేషన్ల తర్వాత మళ్ళీ యుద్ధవిమానం ఎక్కాడు. "మళ్ళీ ఎక్కాడా?" అని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. చాలా రోజుల తర్వాత వాడు తనంతట తాను అడిగిన మాటలవి.

ప్లాస్టిక్ సర్జన్ అయిన డాక్టరమ్మ గారూ, డ్యూటీ ముగిశాక మీరు ఫోన్లో వాడికి కేటాయించిన సమయానికి వెల కట్టలేను. ఇంగ్లండ్‌లో ససెక్స్ ప్రాంతంలోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే ఊరి ఆసుపత్రి, అక్కడ ఆర్చిబాల్డ్ మెకిండో అనే న్యూజీలాండ్ సర్జన్ చేసిన పని మీ ద్వారానే తెలిసింది. అప్పట్లో కాలిన చోట టానిక్ ఆమ్లం పూసేవారు. అది గట్టి పెచ్చు కట్టి వేళ్ళని, కనురెప్పలని బిగించేసేది. సముద్రంలో పడిన పైలట్ల గాయాలు మెరుగ్గా మానడం గమనించి మెకిండో ఉప్పునీటి స్నానాలు మొదలుపెట్టారు, టానిక్ ఆమ్లం వద్దని పోరాడారు. పోయిన ముక్కు కట్టడానికి చర్మాన్ని ఒంటి నుంచి పూర్తిగా కోయకుండా గొట్టంలా చుట్టి కుట్టేవారు. రెండు చివర్లా అతుక్కుని సంచి పిడిలా ఉంటుంది. కొన్ని వారాలకి ఒక చివర విడదీసి కొత్త చోట కుట్టి, అక్కడ రక్తం అందాకే రెండో చివర కోస్తారు. ఇప్పటి పద్ధతులు చాలా మారాయని, వాడికి ఇది చేయరని కూడా స్పష్టంగా చెప్పారు. తన ఆపరేషన్లన్నీ ఒక్కసారే ఎందుకు అయిపోవో వాడికి అర్థమైంది మాత్రం ఆ రోజే.

నాకు మాత్రం అన్నిటికంటే గట్టిగా నాటుకుంది ఆ ఊరి సంగతి. మెకిండో తన పేషెంట్లకి ఆసుపత్రి బట్టల బదులు సొంత యూనిఫాం వేసుకోనిచ్చారు, వార్డులో బీరు పీపా పెట్టించారు, ఊళ్ళోకి వెళ్ళి తిరగమన్నారు. ఊరివాళ్ళకి ముందే చెప్పి ఒప్పించారు: వీళ్ళని ఇంటికి పిలవండి, మామూలు మనుషుల్లా చూడండి అని. వాళ్ళు అలాగే చూశారు. కనురెప్పలు లేని, ముక్కు సగం కట్టిన కుర్రాళ్ళు సినిమాలకీ పబ్బులకీ వెళ్ళారు, అక్కడి అమ్మాయిలని పెళ్ళాడినవాళ్ళూ ఉన్నారు. 1941లో ఆ పేషెంట్లే గినీ పిగ్ (ప్రయోగాలకి వాడే చిన్న జంతువు) క్లబ్ పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి 649 మంది. వేళ్ళు కాలినవాణ్ణి కార్యదర్శిగా పెట్టుకుంటే మీటింగుల మినిట్స్ పెద్దగా రాయలేడని, కాళ్ళు కాలినవాణ్ణి కోశాధికారిగా పెట్టుకుంటే డబ్బుతో పారిపోలేడని నవ్వుకునేవారట. అది చదివి తమ్ముడు పైకి వినబడేలా నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత మీలో ముగ్గురు ఇంటికి వచ్చారు. వాడికి ఎదురుగా కూర్చున్నారు, వాడి కళ్ళలోకి చూసి మాట్లాడారు, పాపం అన్న ముఖం పెట్టలేదు. క్రికెట్ మీద వాదించారు, వాడు తప్పు చెబితే తప్పని అన్నారు. ఆ ఊరివాళ్ళు పైలట్లకి చేసిందే మీరు మా తమ్ముడికి చేశారు. మీ ముగ్గురి ఋణం మా కుటుంబం తీర్చుకోలేనిది.

వాడు ఇప్పుడు సాయంత్రాలు బయటికి వస్తున్నాడు. ఇంకా రెండు ఆపరేషన్లున్నాయి. మీ అందరికీ తనే రాస్తానన్నాడు గానీ వేళ్ళు పూర్తిగా వంగట్లేదు, అందుకని వాయిస్ మెసేజ్‌లు పంపుతున్నాడు. బాబాయి గారూ, మీకొచ్చేది కాస్త పొడవుగా ఉంటుంది, స్పిట్‌ఫైర్ అనే ఇంకో యుద్ధవిమానం మీద వాడికి చాలా ప్రశ్నలున్నాయి.