‘ఊరుకో’ అంటూనే గడువు దాటిస్తున్నాం

సంపాదకుల వారికి నమస్కారం.

బట్టల షాపులో పనిచేసే అమ్మాయో, ప్రైవేటు ఆస్పత్రిలో నర్సో, యజమాని వెకిలిగా ప్రవర్తిస్తున్నాడని ఇంట్లో చెబితే ముందుగా వినబడేది ‘‘ఊరుకోవే, రచ్చకెక్కితే నీ పరువే పోతుంది’’ అన్న మాటే. పెళ్లికాని పిల్లయితే సంబంధాలు తప్పిపోతాయంటారు. పెళ్లయితే ‘మీ ఆయనకు తెలిస్తే ఉద్యోగం మాన్పిస్తాడు’ అంటారు. బిడ్డ బాగు కోరే అంటారు, కాదనను. కానీ ఆ సలహాతో ఎంత నష్టమో తెలిసి అంటున్నారా?

పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే, ఫిర్యాదును విచారించే కమిటీ మరో 3 నెలలు ఇవ్వొచ్చు. అంతకుమించి లేదు. ‘పండగ వెళ్లనీ’, ‘చెల్లి పెళ్లి కానీ’ అంటూ మనం ఆపిన రోజులన్నీ ఆ గడువులోంచే పోతాయి. తీరా ఆ పిల్ల నోరు విప్పితే ‘ఇన్నాళ్లూ ఏం చేశావ్?’ అని అడిగేదీ మనమే! తనను వేధించాడని ఏళ్ల తర్వాత బయటపెట్టిన జర్నలిస్టు ప్రియా రమణిపై మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ వేసిన పరువు నష్టం కేసును 2021 ఫిబ్రవరిలో కొట్టేస్తూ ఢిల్లీ కోర్టు, దశాబ్దాల తర్వాతైనా స్త్రీ తన గోడు చెప్పుకోవచ్చంది. పార్లమెంటు కూడా అలాగే ఆలోచించి ఈ గడువు పెంచాలి.

‘రుజువు చేయలేకపోతే నీ మీదే కేసు పెడతారు’ అని బెదిరించేవాళ్లూ ఉన్నారు. అది నిజం కాదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామెపై చర్య తీసుకోకూడదని ఈ చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. ఆమె పేరూ వివరాలూ బయటపెట్టకూడదని 16వ సెక్షన్ చెబుతోంది. పరువు గురించి భయపెట్టే పెద్దలు దయచేసి ఇది చదవాలి.

రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యకర్తగా పనిచేస్తూ బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీదేవి, ఊరు వెలివేసినా నోరు మూసుకోలేదు. ఆమెకు జరిగిన అన్యాయంపై ‘విశాఖ’ అనే మహిళా సంస్థ, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళితే, పనిచేసే చోట వేధింపులను అరికట్టే మార్గదర్శకాలతో 1997లో ‘విశాఖ’ తీర్పు వచ్చింది. ఈ చట్టానికి పునాది అదే. ఆమె కూడా ఊరుకుని ఉంటే మన పిల్లలకు ఈపాటి రక్షణ కూడా ఉండేది కాదు.

పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దాని వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. మా బజారులో నేను వెళ్లే షాపుల్లో అలాంటి బోర్డు ఒక్కటీ చూడలేదు. పదిమంది కంటే తక్కువున్న చోటా, యజమాని మీదే ఫిర్యాదైనప్పుడూ జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఆ కమిటీలో ఎవరున్నారో, కాగితం ఎక్కడ ఇవ్వాలో షాపుల్లో నిలబడి పనిచేసే ఆడపిల్లలకు ఎవరు చెబుతున్నారు? కలెక్టరు గారు ఆ వివరాలను బస్టాండ్లలో, సచివాలయాల్లో, ఆస్పత్రుల్లో బోర్డు మీద రాయించాలి. మీ పత్రిక జిల్లా పేజీలో వారానికోసారైనా వాటిని ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి